డాక్యుమెంటరీ చిత్రనిర్మాణంలో సమ్మతి: కొన్ని నైతిక ప్రశ్నలు

వ్యాస సంగ్రహం:

డాక్యుమెంటరీ చిత్రంలో కనిపించేవారు నటులు కారు. చిత్రీకరణ ముగిసిన తరువాత కూడా వారు అదే పేరుతో, అదే ఊరిలో, అదే మనుషుల మధ్య బతకవలసినవారు. అందువల్ల వారి సమ్మతిని ఎలా పొందాలి, అది ఎంతవరకు చెల్లుతుంది అనేవి ఈ రంగంలో మౌలికమైన నైతిక ప్రశ్నలు. చిత్రీకరణకు ముందు తీసుకునే ఒక్క సంతకంతో సమ్మతి పూర్తి కాదని, చిత్రీకరణ, కూర్పు, ప్రదర్శన అనే మూడు దశల్లోనూ దానిని మళ్ళీ అడగవలసి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రసిద్ధ చిత్రాల చరిత్ర ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలించి, క్షేత్రపర్యటనలో కెమెరాను ఉపయోగించే తెలుగు పరిశోధకులకు అది ఎలా వర్తిస్తుందో వివరిస్తుంది.

కీలకపదాలు: డాక్యుమెంటరీ, సమ్మతి, గోప్యత, కూర్పు, ప్రదర్శన, క్షేత్రపర్యటన, జానపద కళాకారులు.

1. ఉపోద్ఘాతం:

ఆంగ్ల చలనచిత్ర విమర్శలో 'డాక్యుమెంటరీ' అనే మాటకు ప్రచారం కల్పించినవాడు జాన్ గ్రియర్సన్. 1926లో రాబర్ట్ ఫ్లాహెర్టీ చిత్రం 'మొవానా'ను సమీక్షిస్తూ ఆయన ఈ మాటను వాడాడు. వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడమే డాక్యుమెంటరీ అని ఆయన తరువాత నిర్వచించాడు. ఈ నిర్వచనంలోనే ఒక ఘర్షణ ఉంది. మలచే అధికారం దర్శకునిది. మలచబడే జీవితం మరొకరిది. కథాచిత్రంలో నటుడు వేషం తీసివేస్తే పాత్రతో అతని సంబంధం తీరిపోతుంది. డాక్యుమెంటరీలో తీసివేయడానికి వేషం ఉండదు.

చట్టం ఈ ఘర్షణను ఒక వైపు నుండి మాత్రమే చూస్తుంది. కె.ఎ. అబ్బాస్ తీసిన 'ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్' అనే లఘు డాక్యుమెంటరీకి సంబంధించిన వ్యాజ్యంలో 1970లో సర్వోన్నత న్యాయస్థానం చిత్రాలపై ముందస్తు సెన్సారును సమర్థించింది. అక్కడి వాదమంతా రాజ్యం దేనిని ఆపవచ్చు అనే ప్రశ్న చుట్టూ సాగింది. చిత్రంలో కనిపించే మనిషికి దర్శకుడు ఏమి బాకీపడి ఉంటాడన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం పరిధి ఆ రెండవ ప్రశ్నే.

2. సమ్మతి: భావన, రిలీజ్ ఫారం:

విషయం పూర్తిగా తెలుసుకొని ఇచ్చే సమ్మతి అనే భావన వైద్యరంగం నుండి వచ్చింది. యుద్ధకాలపు అమానుష వైద్యప్రయోగాలపై జరిగిన విచారణ ఫలితంగా 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి దానికి పునాది. సమ్మతి ఇచ్చే వ్యక్తికి తగిన సమాచారం ఉండాలి, దానిని అర్థం చేసుకొని నిర్ణయించే సామర్థ్యం ఉండాలి, నిర్ణయం స్వచ్ఛందంగా ఉండాలి అనేవి దాని సారం.

చిత్రరంగంలో ఈ స్థానంలో కనిపించేది రిలీజ్ ఫారం. ఇది నిర్మాతను వ్యాజ్యాల నుండి కాపాడే పత్రం. దానిపై సంతకం ఉన్నంత మాత్రాన పై మూడు షరతులూ నెరవేరినట్లు కాదు. పత్రం చాలాసార్లు సంతకం చేసేవారికి రాని భాషలో ఉంటుంది. అడిగేవాడు చదువుకున్నవాడు, పట్నం నుండి వచ్చినవాడు, ఒక్కోసారి ఊరి పెద్దను వెంటబెట్టుకొని వచ్చినవాడు అయినప్పుడు 'వద్దు' అనడం సులభం కాదు. అన్నిటికీ మించి, వైద్యునికి తాను చేయబోయే చికిత్స ఏమిటో తెలుసు. డాక్యుమెంటరీ దర్శకునికి తన చిత్రం చివరకు ఎలా తయారవుతుందో చిత్రీకరణనాటికి తెలియదు. తనకే తెలియని విషయానికి ఇతరుల నుండి సంపూర్ణ సమ్మతి పొందడం తార్కికంగా అసాధ్యం. సమ్మతిని దశలవారీగా అడగవలసిన అవసరం ఇక్కడే పుడుతుంది.

3. చిత్రీకరణ దశ: ఎవరు సమ్మతి ఇవ్వగలరు?

ఫ్రెడరిక్ వైజ్మన్ 1967లో విడుదల చేసిన 'టిటికట్ ఫాలీస్' ఈ ప్రశ్నకు ప్రామాణిక ఉదాహరణ. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, నేరారోపణలు ఉన్న మానసిక రోగులను నిర్బంధించే బ్రిడ్జ్‌వాటర్ ఆసుపత్రిలో ఈ చిత్రాన్ని తీశారు. అధికారుల అనుమతి తీసుకున్నారు. కానీ నగ్నంగా గదుల్లో ఉంచబడిన, సిబ్బంది హేళనకు గురైన రోగులలో ఎందరికి సమ్మతి ఇచ్చే సామర్థ్యం ఉంది? వారి తరఫున ఇవ్వగలిగిన సంరక్షకుడు ఆ ఆసుపత్రే అయితే, ఆ సమ్మతికి విలువ ఏమిటి?

రోగుల గోప్యతకు భంగం కలిగిందంటూ రాష్ట్ర ప్రభుత్వం న్యాయస్థానానికి వెళ్ళింది. 1969లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం వైద్యులు, న్యాయవాదులు, సామాజిక కార్యకర్తలు, ఈ రంగాల విద్యార్థులు వంటివారికి మాత్రమే చిత్రాన్ని చూపవచ్చని పరిమితి విధించింది. సాధారణ ప్రేక్షకులకు ప్రదర్శించే అనుమతి 1991లో గానీ రాలేదు.

ఇక్కడ రెండు వాదాలూ సత్యమే. రోగుల గౌరవానికి చిత్రం హాని చేసిందనడం నిజం. అయితే గోప్యతను అడ్డుపెట్టుకొన్న ప్రభుత్వమే ఆ రోగులను ఆ స్థితిలో ఉంచిందనడం కూడా అంతే నిజం. గోప్యత బలహీనులను కాపాడే సూత్రం. అది సంస్థల తప్పిదాలకు తెరగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి సమ్మతి లేదన్న వాదన విన్నప్పుడు, ఆ వాదన ఎవరి ప్రయోజనం కోసం చేస్తున్నారన్నది కూడా పరిశీలించాలి.

4. కూర్పు దశ: కథ ఎవరిది?

ఫ్లాహెర్టీ 1922నాటి చిత్రం 'నానూక్ ఆఫ్ ది నార్త్'లో నానూక్‌గా కనిపించిన ఇన్యూట్ వేటగాని అసలు పేరు అల్లాకరియల్లాక్. ఆ కాలానికి ఇన్యూట్‌లు తుపాకులు వాడుతున్నా చిత్రంలో పాతకాలపు ఆయుధాలతోనే వేటాడించారు. లోపల వెలుతురు చాలనందున మంచు ఇంటిని ఒక పక్క తెరచి ఉంచి చిత్రీకరించారు. రెండవది సాంకేతిక అవసరం. మొదటిది ఒక జాతి మొత్తాన్ని గతకాలంలో నిలబెట్టిన నిర్ణయం. పునఃసృష్టి దానంతట అది దోషం కాదు. దాని వల్ల ఆ మనుషుల గురించి ఏ అసత్యం ప్రచారమవుతుందన్నదే గీటురాయి.

ఎరోల్ మోరిస్ 1988లో తీసిన 'ది థిన్ బ్లూ లైన్' దీనికి మరో కోణం చూపుతుంది. ఒక పోలీసు అధికారి హత్యకేసులో శిక్ష పడిన రాండల్ ఆడమ్స్ నిర్దోషి అని వాదించడానికి ఈ చిత్రం పునఃసృష్టి దృశ్యాలనే వాడింది. పరస్పరం పొసగని సాక్ష్యాలను ఒక్కొక్కటిగా తెరపై చూపి వాటి డొల్లతనాన్ని బయటపెట్టింది. 1989లో ఆడమ్స్ విడుదలయ్యాడు. ఆ తరువాత తన జీవితకథపై హక్కుల కోసం ఆయన మోరిస్‌పైనే వ్యాజ్యం వేశాడు. అది రాజీతో ముగిసి హక్కులు ఆడమ్స్‌కు తిరిగి దక్కాయి. మేలు చేసిన చిత్రం కూడా ఆ మనిషి కథకు యజమాని కాజాలదని ఈ ఉదంతం తెలుపుతుంది.

5. ప్రదర్శన దశ: ఎవరు చూస్తారు, ఎప్పటిదాకా?

నిషా పహుజా దర్శకత్వంలో 2022లో వచ్చిన 'టు కిల్ ఎ టైగర్' జార్ఖండ్‌లో సామూహిక అత్యాచారానికి గురైన 13 ఏళ్ళ బాలిక, ఆమెకు న్యాయం కోసం నిలబడిన తండ్రి కథ. చిత్రీకరణ జరిగినప్పుడు ఆమె మైనరు. చిత్రం పూర్తయ్యేనాటికి ఆమెకు 18 ఏళ్ళు నిండాయి. చిత్రాన్ని చూసిన తరువాత తన ముఖాన్ని దాచవలసిన పని లేదని ఆమె నిర్ణయించుకుందని చిత్రబృందం వెల్లడించింది. సమ్మతిని మళ్ళీ అడగడం అంటే ఏమిటో చెప్పడానికి ఇది మంచి నిదర్శనం.

అయినా వివాదం ముగియలేదు. పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ బాధిత బాలల గుర్తింపును మాధ్యమాల్లో వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. ప్రత్యేక న్యాయస్థానం మాత్రమే, బాలల ప్రయోజనం దృష్ట్యా, అనుమతి ఇవ్వగలదు. 18 ఏళ్ళు నిండిన స్త్రీ, 13 ఏళ్ళ నాటి తన ముఖాన్ని చూపడానికి అనుమతించగలదా? ఈ వివాదం 2024లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. బాధితురాలు సిగ్గుపడవలసిన పని లేదన్న ఆమె నిర్ణయాన్ని గౌరవించడం ఒక విలువ. అంతర్జాలంలో ఒకసారి చేరిన ముఖాన్ని 30 ఏళ్ళ వయసులో ఆమె వెనక్కి తీసుకోలేదన్నది మరొక వాస్తవం. వెనక్కి తీసుకునే వీలు లేని చోట సమ్మతిని మరింత నిదానంగా అడగాలి.

6. కెమెరా స్థానం:

ఆనంద్ పట్వర్ధన్ 'బాంబే అవర్ సిటీ' (1985)లో, గుడిసె కోల్పోయిన ఒక స్త్రీ తమను చిత్రీకరించి ఏమి సాధిస్తారని దర్శకుణ్ణే నిలదీస్తుంది. ఆయన ఆ దృశ్యాన్ని తొలగించలేదు. తనపై వచ్చిన ఆక్షేపణను చిత్రంలో భాగం చేయడం నిజాయితీయే గాని, అది ఆమె ప్రశ్నకు సమాధానం కాదు.

ఆ ప్రశ్నకు ఒక సమాధానం తెలంగాణలో జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్‌లో లభిస్తుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘాల మహిళలు, వారిలో అధికులు దళిత రైతులు, స్వయంగా కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చిరుధాన్యాలు, విత్తనాలు, వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి వేసిన రైతుల అనుభవాలు వారి చిత్రాలకు వస్తువులయ్యాయి. కెమెరా కోణాలకు వారు తమ అనుభవం నుండే పేర్లు పెట్టుకున్నారు. పైనుండి కిందికి చూసేది పటేల్ చూపు. కిందినుండి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా ఉండేది 'సంఘం షాట్'. నైతికత కెమెరాను నిలిపే ఎత్తులోనే మొదలవుతుందన్న గ్రహింపు ఇందులో ఉంది.

7. పరిశోధకులకు అన్వయం:

జానపద, గిరిజన, మౌఖిక సాహిత్యాలపై పనిచేసే పరిశోధకులు నేడు దృశ్యరూపంలోనే సామగ్రి సేకరిస్తున్నారు. ఉదాహరణకు, ఆశ్రిత కులాల కళాకారులు దాతృకులం ఎదుట ప్రదర్శించే కులపురాణాన్ని తీసుకుందాం. ఆ ప్రదర్శన మిరాశీ హక్కులతో ముడిపడినది. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి అన్న ఒప్పందం దాని వెనుక ఉంటుంది. దానిని పరిశోధకుడు యూట్యూబ్‌లో పెడితే, ఎవరెదుట పాడాలన్న కళాకారుని నిర్ణయం అతని చేయి దాటిపోతుంది. దాతలతోనూ దాయాదులతోనూ అతనికి తగవు రావచ్చు. సిద్ధాంతగ్రంథానికి ఇచ్చిన సమ్మతి యూట్యూబ్‌కు ఇచ్చిన సమ్మతి కాదు. ఈ దృష్టితో కింది సూత్రాలను ప్రతిపాదించవచ్చు:

అ. సమ్మతిని వక్త మాట్లాడే తెలుగులో లేదా వారి మాతృభాషలో అడగాలి. చదువురానివారి నుండి వేలిముద్రకు బదులు, వివరించిన మాటలతో సహా మౌఖిక సమ్మతిని రికార్డు చేయడం మేలు.

ఆ. పరిశోధనకు, తరగతిగదికి, అంతర్జాలానికి వేర్వేరుగా అనుమతి అడగాలి. ఒకదానికి సరేనని, మరొకదానికి వద్దనే వీలు ఉండాలి.

ఇ. కూర్పు పూర్తికాకముందే సంబంధిత వ్యక్తులకు చూపాలి. ఏ తేదీ వరకు వారు వెనక్కి తగ్గవచ్చో ముందే చెప్పాలి.

ఈ. పేరు దాచడమే ఎల్లప్పుడూ నైతికం కాదు. బాధితులకు అజ్ఞాతం రక్షణ. కళాకారునికి అది అన్యాయం. ఏది కావాలో వారినే అడగాలి.

ఉ. మాటల్లో ప్రస్తావనకు వచ్చే మూడో వ్యక్తి ఎవరికీ సమ్మతి ఇవ్వలేదని గుర్తుంచుకోవాలి.

ఊ. చిత్రీకరణ కోసం ఒక దినం కూలి లేదా ప్రదర్శన పోగొట్టుకున్నవారికి తగిన పారితోషికం ఇవ్వాలి. ఆ విషయాన్ని పరిశోధనలో పేర్కొనాలి.

ఈ సూత్రాలకు ఒక పరిమితి ఉంది. అధికారంలో ఉన్నవారికి, తమ చర్యలకు ప్రజలకు జవాబు చెప్పవలసినవారికి, కూర్పును ముందే చూసి ఆపే హక్కు ఇస్తే విమర్శకు చోటుండదు. 1965-66నాటి ఇండోనేషియా సామూహిక హత్యలపై జాషువా ఓపెన్‌హైమర్ 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' (2012) తీశాడు. అందులో హంతకులు తమ పేర్లతో ధీమాగా కనిపిస్తారు. స్థానిక సాంకేతిక నిపుణులలో అనేకుల పేర్ల స్థానంలో మాత్రం 'అనామకుడు' అని ఉంటుంది. ప్రమాదం ఎటువైపు ఉందో ఆ పేర్ల పట్టికే చెబుతుంది. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో నిర్ణయించేది బలాబలాల తారతమ్యమే.

8. ముగింపు:

డాక్యుమెంటరీ నైతికతను నిషేధాల జాబితాగా కుదించలేము. 'టిటికట్ ఫాలీస్' సమ్మతి ఇచ్చే సామర్థ్యాన్ని, 'ది థిన్ బ్లూ లైన్' కథపై హక్కును, 'టు కిల్ ఎ టైగర్' కాలంతోపాటు మారే నిర్ణయాన్ని ప్రశ్నగా మన ముందు ఉంచాయి. ఈ మూడింటినీ ఒక్క సంతకం పరిష్కరించలేదు. విశ్వవిద్యాలయ శాఖలు క్షేత్రపర్యటనకు ప్రశ్నావళిని ఎంత శ్రద్ధగా తయారుచేయిస్తాయో, సమ్మతి విధానాన్నీ అంతే శ్రద్ధగా రూపొందింపజేసి, దానిని సిద్ధాంతగ్రంథంలో పరిశోధనా పద్ధతి అధ్యాయంలో చేర్చడం అవసరం. సేకరించిన దృశ్యం పరిశోధకునికి ఆధారం. కెమెరా ఎదుట కూర్చున్న మనిషికి అది తన జీవితం.