గుమ్మి నుంచి డబ్బా దాకా

మృగశిర కార్తె రాకముందే గుమ్ములు నిండాలి. సిరొంచ వైపు ఇళ్లలో పెద్దల మాట ఇది. ఆ తొందర ఎందుకో తెలియాలంటే ముందు ఆ తాలూకా ఉనికి చెప్పాలి. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి, ఉత్తరాన ఆలాపల్లి దాకా అడవి. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా ఏర్పడినా, జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల దూరమే. కాళేశ్వరం అవతలి ఒడ్డునే ఉన్నా, ఏరు నిండితే పడవలు ఒడ్డెక్కేవి. గోదావరి వంతెన వాడకంలోకి వచ్చింది 2016 చివర్లో.

కూరగాయలు దొరకని ఆ వానల్లో ఆదుకునేవి గింజలే. కందులు, పెసలు, అనుములు, ఉలవలు, బొబ్బర్లు. పొలం పనికి వెళ్లేవాళ్లకు, ఎదిగే పిల్లలకు ఉడికించి తాలింపు వేసిన గుడాలే బలం. వాటిని దాచడం మా అమ్మమ్మ తరం వాళ్లకు ఒక విద్య. మూడు నాలుగు ఎండలు పెట్టి, చల్లారాక కందులకు ఆముదం పట్టించేవారు. బొబ్బర్లలో కట్టె బూడిద కలిపేవారు. పైన వేపాకు వేసి, మూత అంచులు పేడతో అలికేవారు. నూనె పూత పురుగు గుడ్డును నిలవనివ్వదు. బూడిద గింజల సందులు నింపి పురుగును తిరగనివ్వదు.

దేశం మారినా అవసరం అదే. ఫ్రాన్సులో నికొలా అప్పేర్ ఆహారాన్ని సీసాల్లో మూసి, వేడి నీటిలో ఉడికించి నిలవచేసే పద్ధతిని 1810లో పుస్తకంగా అచ్చువేశాడు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంటు పొందాడు. ఇక్కడి దుకాణాల్లో 'బ్లాక్ ఐడ్ పీస్' అని కనిపించే డబ్బాలో ఉన్నవి మన బొబ్బర్లే!

డబ్బా గింజలు ముందే ఉడికినవి. నీళ్లు వంపేసి, ఒకటికి రెండుసార్లు కడిగితే ఉప్పు కొంత వరకు పోతుంది. ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు పెట్టి, ఉల్లిపాయ ముక్కలు చల్లితే అయిదు నిమిషాల్లో గుడాలు సిద్ధం. ఎండు రాజ్మా అయితే మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మరగనివ్వాలి. సరిగా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. ఉబ్బిన డబ్బాను రుచి చూడకుండానే పారేయండి. గింజలను ఇంట్లో డబ్బాకెత్తాలంటే ప్రెషర్ కానర్ తప్పనిసరి. ఊరికే మరిగించిన నీటి వేడికి ప్రాణాంతకమైన బొటులిజం క్రిమి బీజాలు చావవు.

2022 జూలైలో గోదావరి పొంగి సిరొంచ తీరపు ఊళ్లు మునిగాయి. వరద చొరబడితే గుమ్మిలో గింజ మొలకెత్తడమో కుళ్లడమో ఖాయం. వంతెన వచ్చిందని వాన తగ్గదు కదా! ఊళ్లో ఉన్నవాళ్లు ఒక నెల గింజలను గట్టి మూత ఉన్న డబ్బాల్లో అటకమీద పెట్టుకోవాలి. తుఫానులు, మంచు తప్పని మనం ఇక్కడ నాలుగు డబ్బాలు, చేత్తో తిప్పే ఓపెనరు సిద్ధంగా ఉంచుకుందాం. కరెంటు పోయిన రాత్రి పిల్లలు ఆకలి అంటే పొయ్యి వెలిగించకుండానే ఇంత పెట్టవచ్చు.