తియ్యటి దుంపకు తియ్యటి పాకం

అమెరికాలో ఏటా నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. ఆ రోజు బల్ల మీద టర్కీ కోడి పక్కన చాలా ఇళ్లలో కనిపించే వంటకం క్యాండీడ్ యామ్స్. నారింజ రంగు దుంప ముక్కలకు వెన్న, బ్రౌన్ షుగర్ కలిపిన పాకం పట్టించి, దాల్చినచెక్క పొడి చల్లి ఓవెన్‌లో పెడతారు. కొందరు పైన మార్ష్‌మాలోలనే తెల్లటి మెత్తని మిఠాయిలు పరిచి, అవి ఎర్రబడేదాకా ఉంచుతారు. ఇంత తీపి ఉన్నా దీన్ని మిఠాయిల్లో చేర్చరు. కూరగాయ వంటకం కిందే లెక్క, మాంసంతో కలిపే తింటారు. బెల్లం వేసిన ముక్కల పులుసును అన్నంలో కలుపుకునేవాళ్లం, మనకు ఇందులో వింత ఏమీ లేదు.

అసలు వింత ఏమిటంటే, ఈ యామ్స్‌లో యామ్ ఉండదు. యామ్ అంటే పెండలం. వండేది చిలగడదుంపని. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవాళ్లు తమ దేశపు పెండలం దొరక్క, అమెరికా దక్షిణాదిలో పండే చిలగడదుంపకే ఆ పేరు పెట్టుకున్నారు. తర్వాత 1930ల్లో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో జూలియన్ మిల్లర్ అనే శాస్త్రవేత్త మెత్తగా, తడిగా ఉండే నారింజ రంగు రకాలను అభివృద్ధి చేశాడు. ఉత్తరాదిలో అమ్మే పాలిపోయిన, పొడిపొడిగా ఉండే దుంపల నుంచి తమ సరుకు వేరని చూపించుకోవడానికి లూసియానా వ్యాపారులు దాన్ని యామ్ పేరుతోనే బజారులోకి తెచ్చారు. డబ్బా మీద యామ్ అని రాస్తే పక్కన స్వీట్ పొటాటో అని కూడా రాసి తీరాలని అక్కడి వ్యవసాయ శాఖ నిబంధన.

ఈ సంగతి విని నవ్వుకునే హక్కు మనకు లేదు. కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ, మెదక్ వైపు రత్నపురిగడ్డ. విజయవాడ మనిషికి కంద అంటే నోరు దురద పెట్టే వేరే దుంప.

వృక్షశాస్త్రం దృష్టిలో చిలగడదుంప, బంగాళాదుంప, పెండలాల మధ్య దగ్గరి చుట్టరికమే లేదు. చెరువుల్లో అల్లుకునే తూటికూరదీ చిలగడదుంపదీ ఒకే ప్రజాతి. తీగకు పూసే గరాటు పువ్వు చూస్తే ఆ పోలిక ఇట్టే తెలుస్తుంది. బంగాళాదుంప వంకాయ, టమాటా, మిరపల కుటుంబం. పెండలం వీటన్నిటికీ దూరపు ఏకదళ బీజ మొక్క. ఇంకో తేడా: బంగాళాదుంప నేలలో ఊరిన కాండం. చిలగడదుంప మాత్రం అచ్చంగా వేరే.

1621లో ప్లిమత్‌లో, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన యాత్రికులు చేసుకున్న మొదటి విందుకు కొనసాగింపుగా థాంక్స్‌గివింగ్‌ను చెప్పుకుంటారు. ఆ విందులో మాత్రం చిలగడదుంప లేదు. పాకం పట్టడానికి చక్కెరా లేదు.

మరి ఈ వంటకం ఎప్పుడు వచ్చింది? 1896లో ఫ్యానీ ఫార్మర్ రాసిన బోస్టన్ కుకింగ్ స్కూల్ వంటల పుస్తకంలో పాకం పట్టిన చిలగడదుంపలు ఉన్నాయి. దుంపల్ని ఉడికించి, చీల్చి, చక్కెర పాకంలో కాస్త వెన్న వేసి పైన పూస్తూ కాల్చడం, అంతే. అంతకన్నా ముందు 1881లో ఏబీ ఫిషర్ వంటల పుస్తకం వచ్చింది. ఆమె ఒకప్పుడు బానిస. శాన్‌ఫ్రాన్సిస్కోలో పచ్చళ్ల వ్యాపారంతో పేరు తెచ్చుకుంది. ఆ పుస్తకంలో చిలగడదుంపతో చేసే ‘పై’ అనే వంటకం కూడా ఉంది. దక్షిణాది నల్లజాతి వంటిళ్లలో తరతరాలుగా నలిగిన పనితనం అది. పుస్తకాల్లోకి మాత్రం ఆలస్యంగా వచ్చింది.

ఇక ఆ మార్ష్‌మాలో. తరతరాల సంప్రదాయమని చాలామంది అనుకుంటారు గానీ, అది కంపెనీ ప్రచారంలోంచి పుట్టిన ఆచారం. 1917లో ఏంజెలస్ మార్ష్‌మాలోలు తయారుచేసే కంపెనీ తన సరుకు వంటింట్లో రోజూ వాడేలా చేయాలనుకుని, వంటల పత్రిక సంపాదకురాలు జానెట్ మెకెంజీ హిల్ చేత ఒక చిన్న వంటల పుస్తకం రాయించింది. మెదిపిన చిలగడదుంప మీద మార్ష్‌మాలోలు పరిచి కాల్చడం అందులోదే. వంద దాటి కొన్నేళ్లయింది. ఇప్పుడది అమ్మమ్మల వంట.

చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది. మార్ష్‌మాలో కూడా మొదట వేరే! చిత్తడి నేలల్లో పెరిగే ఆ పేరుగల మొక్క మన బెండ, మందార, గోంగూరల కుటుంబానిది. బెండకాయ జిగురు ఎరిగినవాళ్లకు దాని వేరు జిగురు గురించి వేరే చెప్పనక్కర్లేదు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి మిఠాయివాళ్లు ఆ జిగురును చక్కెర, కోడిగుడ్డు తెల్లసొనతో కలిపి నురుగొచ్చేలా గిలకొట్టేవారు. వేరు తవ్వడం, జిగురు తీయడం పెద్ద పని కావడంతో దాని స్థానంలోకి జెలటిన్ వచ్చింది. మొక్క పోయింది, పేరు మిగిలింది.

ఆ జెలటిన్ దగ్గరే అమెరికాలోని తెలుగు శాకాహారులకు చిక్కు. జెలటిన్ తీసేది పంది తోలు నుంచి, పశువుల చర్మం, ఎముకల నుంచి. ఆఫీసు విందులో ‘ఇందులో మాంసం లేదు, దుంపే’ అని ఎవరైనా భరోసా ఇస్తే వాళ్లు అబద్ధం చెబుతున్నట్టు కాదు, వాళ్లకు ఆ ఆలోచనే రాలేదన్నమాట. మార్ష్‌మాలోలకు బదులు పీకన్ గింజలు పరిచి చేసిన పళ్లెం దొరికితే అది తినొచ్చు. పీకన్ రుచికి అక్రోటుకు దగ్గర. జెలటిన్ లేని మార్ష్‌మాలోలూ దుకాణాల్లో ఉంటాయి, వెనక చీటీ చదివి కొనండి.

మళ్లీ దుంప దగ్గరికి వస్తే, అలబామాలోని టస్కేగీ సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ను వేరుశనగ మనిషిగానే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. ఆయన చిలగడదుంప నుంచి కూడా వందకు పైగా ఉత్పత్తులు చేసి చూపించాడు. పిండి, గంజిపొడి, రంగులు, జిగురు అన్నీ అందులో ఉన్నాయి. పేద రైతులు దుంపల్ని ఎలా దాచుకోవాలో, ఎన్ని రకాలుగా వండుకోవచ్చో చెబుతూ కరపత్రాలు వేశాడు.

సాహిత్యంలోనూ ఈ దుంపకు చోటుంది. రాల్ఫ్ ఎలిసన్ 1952 నాటి ‘ఇన్విజిబుల్ మ్యాన్’ నవలలో కథానాయకుడు హార్లెం వీధిలో బండి దగ్గర వెన్న పూసిన వేడివేడి యామ్ కొనుక్కుని నడుస్తూ తింటాడు. దక్షిణాది తిండి తినడం నామోషీ అనుకున్నవాడికి ఆ ఒక్క దుంపతో సిగ్గు వదిలిపోతుంది.

అమెరికాలో చిలగడదుంప ఎక్కువగా పండేది నార్త్ కరోలినాలో. 1995లో అది ఆ రాష్ట్ర అధికారిక కూరగాయ అయింది. అలా చేయమని చట్టసభను అడిగింది బడి పిల్లలు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం, ఎందుకంటే అసలు ఆసక్తికరమైన సంగతి అక్కడుంది. ఉడికిన చిలగడదుంపలోని తీపి అంతా పొలంలోంచి వచ్చింది కాదు, చాలా భాగం పొయ్యి మీదే తయారవుతుంది. దుంపలో ఉండే ఒక ఎంజైమ్ పిండి పదార్థాన్ని విరగ్గొట్టి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. అది చురుగ్గా పనిచేసేది సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య. వేడి అంతకు మించితే ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి దుంప ఆ మధ్య వేడిలో ఎంతసేపు ఉంటే అంత తియ్యన. పొయ్యి బూడిదలో కప్పెట్టి నిదానంగా కాల్చిన దుంప తేనెలా ఉండి, మైక్రోవేవ్‌లో అయిదు నిమిషాల్లో వండింది చప్పగా ఉండటానికి కారణం ఇదే. జపాన్ వీధుల్లో చలికాలం వేడి గులకరాళ్ల మధ్య దుంపల్ని కాల్చి అమ్ముతారు. వాళ్లు ఏ పాకమూ పట్టించరు.

ఫిన్లాండ్ వాళ్లు ఇదే కిటుకును బంగాళాదుంపకు పట్టించారు. క్రిస్మస్‌కు ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో కాస్త గోధుమపిండి కలిపి గంటల తరబడి గోరువెచ్చని చోట ఉంచుతారు. పిండిలోని ఎంజైములు దుంపను తియ్యగా మారుస్తాయి. తర్వాత కాలుస్తారు.

దుంప తవ్విన రోజునే తింటే అంత రుచిగా ఉండదు. పెద్ద ఎత్తున పండించే చోట తవ్విన దుంపల్ని సుమారు 29 డిగ్రీల వేడిలో, బాగా తేమ ఉండే గదిలో నాలుగు నుంచి ఏడు రోజులు మాగబెడతారు. తవ్వేటప్పుడు తగిలిన గాట్లు మానిపోతాయి, తీపీ పెరుగుతుంది. ఆ తర్వాత 13 నుంచి 15 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తారు. ఇది వెచ్చని దేశాల పంట, చలి పడదు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే లోపల గట్టిపడి, ఎంత ఉడికించినా మెత్తబడని ముక్క మిగులుతుంది. గాలి తగిలే బుట్టలో వదిలేస్తే చాలు.

పార్స్‌నిప్ అనే తెల్లటి దుంపది దీనికి సరిగ్గా ఎదురు స్వభావం. అది క్యారెట్‌కు దగ్గరి చుట్టం. మంచు పడితేనే దానికి తీపి ఎక్కుతుంది. చలికి దానిలోని పిండి చక్కెరగా మారుతుంది. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ భోజనానికి దాన్ని తేనె రాసి కాలుస్తారు.

పండక్కి దుంపను తీపి చేసుకునే అలవాటు ఒక్క అమెరికాది కాదు. డెన్మార్క్‌లో క్రిస్మస్ ముందు రాత్రి చిన్న బంగాళాదుంపల్ని ఉడికించి, తోలు తీసి, కరిగించిన చక్కెరలో వెన్న వేసి దొర్లిస్తారు. కాల్చిన బాతు పక్కన తింటారు. తూర్పు యూరప్ యూదులు కొత్త సంవత్సరానికి క్యారెట్లను గుండ్రంగా కోసి తేనెతో వండుతారు, ఆ చక్రాలు బంగారు నాణేలకు గుర్తు. జపాన్‌లో కొత్త సంవత్సరం పెట్టెలో కూడా బంగారమే: మెదిపిన చిలగడదుంపలో పాకం పట్టిన చెస్ట్‌నట్లు కలిపిన పసుపు పచ్చటి ముద్ద, ఆ ఏడంతా సంపద రావాలని. ఉత్తర చైనా వాళ్లది మరీ సరదా. వేయించిన చిలగడదుంప ముక్కల్ని ముదురు పాకంలో ముంచి వేడిగా తెస్తారు. చాప్‌స్టిక్‌తో లాగితే పట్టుదారంలా పాకం సాగుతుంది. వెంటనే చన్నీళ్లలో ముంచి కరకరలాడించాలి. ఆలస్యమైతే ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

చిలగడదుంప పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలు. కొలంబస్ దాన్ని యూరప్‌కు చేర్చడానికి కొన్ని శతాబ్దాల ముందే పసిఫిక్ దీవుల్లో పాలినేషియన్లు పండించుకుంటున్నారు. ఇప్పుడు ప్రపంచపు పంటలో దాదాపు సగం చైనాదే. మన దేశంలో ఒడిశాది ముందు వరస.

జన్యుమార్పిడి పంట అంటే భయపడేవాళ్లకు ఒక మాట. 2015లో శాస్త్రవేత్తలు పరీక్షించిన సాగు చిలగడదుంప రకాలన్నిటిలోనూ ఒక మట్టి బ్యాక్టీరియా జన్యువులు బయటపడ్డాయి. వేల ఏళ్ల కిందట ప్రకృతే చేసిన మార్పిడి అది. దాన్నే మనిషి ఏరి పెంచుకున్నాడు.

నారింజ రంగు దుంప ఊరికే అందం కోసం కాదు. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, మన ఒంట్లో అది విటమిన్ ‘ఎ’ అవుతుంది. ఆఫ్రికాలో ఈ దుంపను పేద పిల్లల దాకా చేర్చినందుకు మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో 2016 ప్రపంచ ఆహార బహుమతిని మరొకరితో కలిసి అందుకున్నారు. మన దగ్గర తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ‘భూసోన’ అనే నారింజ రకాన్ని ఇచ్చింది. అందులో 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల దాకా బీటా కెరోటిన్ ఉంటుంది. ‘భూకృష్ణ’ అని ఊదా రంగుది కూడా ఉంది. మన బజార్లలో గుట్టలు పోసేది మాత్రం ఇంకా ఎర్రతోలు, తెల్లకండ దుంపే. శివరాత్రికి ముందు హైదరాబాద్ రోడ్ల పక్కన చూడండి, అదే కనిపిస్తుంది. నారింజ దుంప మన రైతుబజారుకు రావాల్సి ఉంది. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి కాబట్టి పాకంలో చెంచా నెయ్యి వేయడం రుచికే కాదు, దానికీ మంచిదే.

మరి మన పద్ధతిలో చేసుకోవడం ఎలా? అరకిలో దుంపల్ని తోలుతోనే సన్నని మంట మీద ముప్పావు వంతు ఉడికించండి. ప్రెషర్ కుక్కర్ వద్దు, తీపి తగ్గడమే కాక ముద్దయిపోతాయి. చల్లారాక తోలు తీసి అంగుళం మందం చక్రాలు కోయండి. 100 గ్రాముల బెల్లాన్ని పావు గ్లాసు నీళ్లలో కరిగించి, వడకట్టి, లేత తీగపాకం రానివ్వండి. రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, ముక్కలు వేసి, గరిటెతో కలపకుండా మూకుడునే తిప్పుతూ ముక్కకు పాకం అంటుకునేదాకా ఉంచండి. బెల్లం చక్కెర కన్నా తొందరగా మాడి చేదెక్కుతుంది, మంట పెంచకండి.

పచ్చి ముక్కల్ని సరాసరి పాకంలో వేస్తే ఒక పట్టాన ఉడకవు. చక్కెర గాఢంగా ఉన్న చోట దుంప కణాల గోడలు తొందరగా మెత్తబడవు. చింతపండు పులుసు పోశాక ముక్క ఉడకదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పులుపుకున్న గుణమే తీపికీ ఉంది.

అమెరికా కొలతల జోలికి పోకండి. దుంప తనంత తానే తియ్యన, పైన బ్రౌన్ షుగరూ మార్ష్‌మాలోలూ కలిస్తే దుంప రుచి ఎక్కడుందో వెతుక్కోవాలి. 100 గ్రాముల బెల్లం కూడా కొత్త దుంపకే. బాగా మాగిన దుంపలైతే 75 చాలు. భోజనంలో వడ్డిస్తే పక్కన పుల్లగానో కారంగానో ఏదైనా ఉండేలా చూసుకోండి. గోంగూర పచ్చడి అయితే మరీ మంచిది.