వాడకు జవాబుదారీ ఎవరు?

నాగల్‌గిద్ద కర్ణాటక సరిహద్దు పక్కన, 2016లో ఏర్పడ్డ మండలం. అక్కడి దళితవాడ నుంచి యూనివర్సిటీ దాకా వచ్చిన పిల్లకో పిల్లవాడికో పరిశోధన అనంగనే మొదట యాదికొచ్చేది తన వాడే. చెరుకు నరకడానికి వలసపోయే ఆడవాళ్ల ఆరోగ్యం ఎట్లున్నది? గర్భసంచి తీయించుకోమని ఎవరు చెప్తున్నరు? కొడుకులు వలసపోతే ముసలోళ్లను ఎవరు చూస్తున్నరు? అడగవలసిన ప్రశ్నలే. కాని కాగితం, కలం పట్టుకుని వాడకు పోయేముందు స్పాన్సర్‌షిప్ అంటే ఏమిటో తెలుసుకోవాలె.

చాలామంది దీన్ని పైసల సంగతి అనుకుంటరు. పైసలు ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ నుంచి రావచ్చు, ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. నుంచో ఐ.సి.ఎం.ఆర్. నుంచో రావచ్చు. స్పాన్సర్‌షిప్‌లో అసలు సంగతి బాధ్యత. 'ఈ పరిశోధన మా పేరు మీద జరుగుతున్నది, ఇందులో ఎవరికి హాని జరిగినా జవాబు మాది' అని యూనివర్సిటీ రాసి ఇవ్వడం.

ఆ బాధ్యత గట్టిగా లేకపోతే ఏమైతదో ఖమ్మం జిల్లా చూపించింది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ సుమారు 14 వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేయించింది. వాళ్లలో హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని తేలింది. 2013లో పార్లమెంటరీ కమిటీ దీన్ని తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తల్లిదండ్రులను అడగలేదు, అదీ మన ప్రశ్న.

ఇక పద్ధతి. ముందు గైడ్ ఒప్పుకోవాలె, సినాప్సిస్ డిపార్ట్‌మెంట్ దాటాలె. ఆ తర్వాత ఎథిక్స్ కమిటీ. 2019 నిబంధనల ప్రకారం ఆరోగ్య పరిశోధనలను చూసే కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర రిజిస్టరు కావాలె. ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాల ప్రకారం అందులో 7 నుంచి 15 మంది ఉంటరు. అధ్యక్షులు బయటి సంస్థవారై ఉండాలె, కనీసం సగం మంది బయటివాళ్లే కావాలె, ఒక మామూలు మనిషి కూడా ఉండాలె. సర్కారు దవాఖాన రికార్డులు చూడాలంటే ఆరోగ్యశాఖ అనుమతి వేరుగా తీసుకోవాలె. ఇవన్నీ చేతికొచ్చినంకనే మొదటి ఇంటర్వ్యూ. ఈలోపు ఫెలోషిప్ గడువు నడుస్తనే ఉంటది కాబట్టి మొదటి ఏడాదే మొదలుపెట్టడం మేలు.

సమ్మతి పత్రం వాడ మాటలో ఉండాలె. చదువురానివాళ్లకు సాక్షి ముందట చదివి వినిపించాలె. వద్దంటే మందులు గాని పింఛను గాని ఆగవని విడమర్చి చెప్పాలె.

'నీ వాడ గురించి నువ్వే రాస్తే నిష్పాక్షికత ఎక్కడిది?' అని అడిగేవాళ్లుంటరు. తమ కులాల గురించి రాసుకున్న అగ్రవర్ణ పండితులను ఎవరూ అట్ల అడగలేదు. అయినా పద్ధతి ప్రకారం పొందిన అనుమతే దానికి జవాబు. అది ఉంటే పరిశోధన నిలబడుతది. అంతకంటే ముఖ్యం, రేపు మన అవ్వ 'ఇదంతా రాసుకపోయి ఏం చేసిండ్రు?' అని నిలదీస్తే చెప్పడానికి విద్యార్థి ఒక్కరే కాదు, ఒక యూనివర్సిటీ కూడా ఉంటది.