పాత కారుకు రంగు
అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినను, కొన్ని యిండ్లలో అవి నేటికిని తిరుగుచున్నవి. అట్టి కార్లకు తుప్పు ప్రధాన శత్రువు. తేమయు, గాలిలోని ఆమ్లజనియు సోకినచో ఇనుము తుప్పుపట్టును. సముద్రతీరపు ఉప్పుగాలి దానిని త్వరితపరచును. తుప్పుమీదనే రంగు పూసినచో మచ్చ మరుగుపడును గాని, లోపల రేకు తరుగుచునే యుండును.

కావున మనము మొదట మెరయు లోహము కనబడువరకు ఉప్పుకాగితముతో రుద్దవలెను. దుమ్ము తుడిచి ప్రైమరు పూయవలెను. సొట్టలున్నచో లప్పముతో పూడ్చి, ఆరిన పిదప నునుపుచేసి, మరల ప్రైమరు వేయవలెను. అటుపిమ్మట రంగును పలుచని పొరలుగా, ఒకటి ఆరిన తరువాత మరియొకటి వేయవలెను. పాత రంగు ఎండకు వెలిసియుండును గనుక, కొత్తదానిని ముందుగా చాటుచోట సరిచూచుకొనుట మంచిది.

కాళ్లక్రింది రేకును స్క్రూడ్రైవరుతో నొక్కి చూడుడు. అది దిగబడినచో రంగుతో సరిపెట్టరాదు. వెల్డింగు తెలిసిన పనివానికి అప్పగింపుడని మనవి చేయుచున్నాము.