వార్తల్లో పదం: డే వన్ ప్యాచ్

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర గేమ్ డిస్కు కొంటే బిల్లులో పడేది డిస్కు ధర ఒక్కటే. మిగతా ఖర్చు ఇంటికెళ్లాక మొదలవుతుంది. గేమ్ విడుదలైన రోజే నెట్ నుంచి దించుకోవాల్సిన సవరణల ఫైలే డే వన్ ప్యాచ్. డిస్కుల తయారీ విడుదలకు వారాల ముందే మొదలవుతుంది. ఆ తర్వాత చేసిన సవరణలన్నీ ఇందులో వస్తాయి.

ఇప్పుడు ఇది హద్దు దాటింది. 2022లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2’ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) డిస్కులో ఉన్నది దాదాపు 70 ఎంబీ. అసలు గేమంతా డౌన్‌లోడే! రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్‌తో 60 జీబీ దించాలంటే నెల్లాళ్ల డేటా దానికే సరి.

డిస్కున్నా గేమ్‌ను కన్సోల్లోకి ఎక్కించాల్సిందే. తొలి పీఎస్5 స్టోరేజి 825 జీబీ అన్నా, వాడుకోవడానికి మిగిలేది 667. నిండితే మరింత స్టోరేజికి ఎస్ఎస్‌డీ ఖర్చు అదనం.

ఆడేశాక అమ్ముకోగలగడం డిస్కుకున్న పెద్ద మేలు. అయితే పూర్తి ధర పుచ్చుకుని సగం గేమ్ చేతిలో పెట్టడం అన్యాయం. కొనే ముందు అట్ట వెనక్కి తిప్పి, ఇంటర్నెట్ తప్పనిసరి అనే చిన్న అక్షరాలున్నాయేమో చూడండి.