అధిశోషణ ప్రేరిత ఉపరితల పునర్నిర్మాణం

లోహ స్ఫటికపు ఉపరితలంపై ఇతర పరమాణువులు లేదా అణువులు చేరినపుడు, ఆ ఉపరితలంలోని లోహ పరమాణువులు స్థానాలు మారి కొత్త అమరికను పొందడాన్ని అధిశోషణ ప్రేరిత ఉపరితల పునర్నిర్మాణం అంటారు. ఒక పదార్థపు కణాలు మరొక పదార్థం లోనికి ఇంకిపోకుండా దాని ఉపరితలంపైనే నిలిచిపోవడాన్ని అధిశోషణం అంటారు. ఉత్ప్రేరకాలు పనిచేసే విధానాన్ని అర్థం చేసుకొనుటకు ఈ ప్రక్రియ ముఖ్యమైనది.

కారణం

ప్లాటినం, నికెల్, రాగి స్ఫటికాల లోపల ప్రతి పరమాణువుకు 12 సమీప పరమాణువులు ఉంటాయి. (100) అనే తలంపై ఉన్న పరమాణువుకు మాత్రం 8 మాత్రమే ఉంటాయి: అదే పొరలో 4, కింది పొరలో 4. బంధాలు తగ్గినందువలన పై పొర శక్తి ఎక్కువగా ఉంటుంది. బయటి నుండి వచ్చిన పరమాణువు లోహంతో కొత్త బంధాలు ఏర్పరచినపుడు ఈ శక్తి సమతుల్యం మారుతుంది. కొత్త అమరికలో బంధాలు బలపడినందువలన లభించే శక్తి, లోహ పరమాణువుల అమరికను మార్చుటకు అయ్యే శక్తి కంటే ఎక్కువైతే పునర్నిర్మాణానికి అవకాశం ఏర్పడుతుంది. అయితే పరమాణువులు కదలడానికి తగినంత ఉష్ణోగ్రత కూడా ఉండాలి.

ఉదాహరణలు

రాగి (110) తలంపై ఆక్సిజన్ చేరినపుడు, ఉపరితలపు మెట్ల అంచుల నుండి రాగి పరమాణువులు విడివడి వస్తాయి. ఇవి ఆక్సిజన్ పరమాణువులతో ఒకదాని తరువాత ఒకటిగా కలిసి, తలంపై పొడవైన కొత్త వరుసలుగా ఏర్పడతాయి.

నికెల్ (100) తలంపై కార్బన్ పరమాణువు నాలుగు నికెల్ పరమాణువుల నడుమనున్న గుంటలో కూర్చుంటుంది. కార్బన్ తగినంత చేరిన పిదప, ఆ నాలుగు పరమాణువుల చతురస్రం కొద్దిగా తిరుగుతుంది. ఒక చతురస్రం గడియారపు ముల్లు దిశలో తిరిగితే, దాని పక్కది వ్యతిరేక దిశలో తిరుగుతుంది.

ప్లాటినంలో డోలనాలు

శుభ్రమైన ప్లాటినం (100) తలంలో పై పొర చతురస్రాకార అమరికను వదలి, మరింత దట్టమైన షడ్భుజాకార అమరికను పొందుతుంది. ఈ పొరలో పరమాణువులు సుమారు 20 శాతం అధికంగా ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ చతురస్రాకార అమరికతో మరింత బలంగా బంధించుకుంటుంది. కనుక అది తగినంత చేరినపుడు పై పొర తిరిగి చతురస్రాకారమవుతుంది. మిగిలిపోయిన ప్లాటినం పరమాణువులు చిన్న దీవులుగా పైకి చేరుతాయి.

ఆక్సిజన్ షడ్భుజాకార తలంపై చాలా తక్కువగాను, చతురస్రాకార తలంపై సులభంగాను అధిశోషణం చెందుతుంది. అందువలన తలం మారిన వెంటనే ఆక్సిజన్ చేరి, కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. కార్బన్ మోనాక్సైడు ఖర్చయిన కొద్దీ తలం మరల షడ్భుజాకారమవుతుంది, చర్య మందగిస్తుంది. మళ్ళీ కార్బన్ మోనాక్సైడు చేరడంతో చక్రం మొదలవుతుంది. తగిన ఉష్ణోగ్రత, పీడనాల వద్ద చర్యావేగం ఈ విధంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఉపరితల రసాయన ప్రక్రియలపై చేసిన పరిశోధనలకు జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్టల్ 2007లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఈ డోలనాలపై అధ్యయనం ఆయన కృషిలో ఒక భాగం.

పరిశీలించే పద్ధతులు

తక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లు తలంపై పడి వెనుకకు వచ్చినపుడు ఏర్పడే వివర్తన చుక్కలను బట్టి పరమాణువుల అమరిక తెలుస్తుంది. అమరిక మారితే కొత్త చుక్కలు కనిపిస్తాయి. 1981లో గెర్డ్ బిన్నిగ్, హెన్రిచ్ రోరర్ నిర్మించిన స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో పరమాణువుల వరుసలను నేరుగా చూడడం సాధ్యమైంది. వీరికి 1986లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ప్రాముఖ్యత

ఉత్ప్రేరకపు ఉపరితలం చర్య జరగడానికి చోటిచ్చే స్థిరమైన వేదిక మాత్రమే కాదు; చర్యలో పాల్గొనే వాయువులు దానిని మారుస్తాయి, మారిన తలం తిరిగి చర్యావేగాన్ని మారుస్తుంది. కనుక శూన్యంలో శుభ్రపరచిన లోహాన్ని పరీక్షించినంత మాత్రాన, వాయువుల మధ్య అది ఎలా పనిచేస్తుందో చెప్పలేము.