తలుపు తీసే ఉన్నా అడుగు పడదు

శిక్ష ముగించుకుని ఊరు చేరిన మనిషి తన ఇంటి గడప దగ్గరే ఆగిపోతే, మతి చెడిందని అనుకోరాదు. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడినవారు సాధారణంగా కనీసం 14 ఏళ్లు జైలులో గడపాలి. 1978లో వచ్చిన ఈ నిబంధన నేటికీ ఉంది. అన్నేళ్లూ తలుపు తీసేదీ, వేసేదీ వార్డరే. తిండికీ నిద్రకూ వేళ పెట్టేది జైలే. దాంతో సొంతంగా నిర్ణయించుకునే అలవాటు తప్పిపోతుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్లెమర్ జైలు జీవితానికి ఇలా అలవాటు పడిపోవడాన్ని 1940లోనే 'ప్రిజనైజేషన్' అన్నారు.

బయటికి వచ్చాక కొందరికి నిద్ర పట్టదు. ఎవరినీ నమ్మలేరు. ఉయ్యాలలో వదిలి వెళ్లిన బిడ్డ హైస్కూలుకు వెళుతూ కొత్తవాడిని చూసినట్లు చూస్తే గుండె కలుక్కుమంటుంది.

అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైలులో సత్ప్రవర్తన గల ఖైదీలు పొలం పనులు చేస్తారు. విడుదలకు ముందే బయటి బతుకు కొంత అలవాటవుతుంది. మిగతాది ఊరి చేతిలో ఉంది. ఏ మడికి నీరు పెట్టాలో, సంతలో ఏమి కొనాలో అతనినే తేల్చుకోనివ్వాలి. రచ్చబండ మీద పాత కేసు తవ్వరాదు. దిగులు తగ్గకుంటే మానసిక వైద్యుడికి చూపించాలి. శిక్ష జైలుతోనే ముగియాలి.